ఇంటి చెయ్యి చెల్లదు

పోయిన నెల మొదటి శనివారం ఉదయం, గన్‌ఫౌండ్రీలో మా విశ్రాంత ఉద్యోగులం కలుసుకునే హాల్లో, పాతికేళ్లు కూడా నిండని ఒక అమ్మాయి మా అరచేతుల్లో తలా ఒక కిస్‌మిస్ పెట్టి, దాన్ని వెంటనే నోట్లో వేసుకోవద్దనీ, ముందు కళ్లారా చూడాలనీ, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడాలనీ, ఆ తర్వాతే నాలుక మీద ఉంచుకుని ముప్పైసార్లు నమలాలనీ చెప్పింది. తినేటప్పుడు తిండి మీదే మనసు నిలపడం, ఆ తిండి మన దాకా రావడానికి కష్టపడ్డవాళ్లను తలుచుకోవడం ఆరోగ్యానికి మంచిదట. ఈ మధ్య కొత్తగా నేర్పుతున్న పద్ధతట. "పక్కవాళ్లను చూడకండి సార్, మీ కిస్‌మిస్‌ను మాత్రమే చూడండి," అంది మెత్తగా. ఇరవై ముగ్గురం ముసలివాళ్లం కళ్లు మూసుకుని, కట్టుడు పళ్లతో ఒక్కొక్క ఎండు ద్రాక్షతో కుస్తీ పట్టాం. నా పక్కన కూర్చున్న మిత్రుడు పదోసారికే మింగేసి, గుటక వినిపించకుండా దగ్గాడు.

నాకు మాత్రం అది నమలడం సాధ్యం కాలేదు. క్రిస్మస్ ముందు మా వంటింట్లో గరిజెల్లోకి కొబ్బరితో కలిపే కిస్‌మిస్ వాసన అది. పైగా ఆ అమ్మాయి అన్న మాట నేను ఎనభై ఏళ్ల కిందట రోజుకు రెండుసార్లు విన్నదే. ఆ మాటను అక్షరాలా పాటించినందువల్ల మా ఇంట్లో ఏం జరిగిందో ఆ పిల్లకు చెప్పాలనిపించింది కానీ, హాల్లో అందరూ నిశ్శబ్దంగా నములుతున్నారు. కిస్‌మిస్‌ను రుమాల్లో కట్టుకుని ఇంటికి వచ్చి, పాత డైరీల పెట్టె తీశాను.

మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉండేది. మూడు గదుల పెంకుటిల్లు, కిరాయిది. ముందు బండలు పరిచిన చిన్న వాకిలి, వెనక వంటగది, దానికి ఆనుకుని గిన్నెలు తోమే చప్టా. మా నాన్నను బాపు అనేవాళ్లం. ఆయన స్టేషన్‌లో పార్సిల్ గుమాస్తా కాబట్టి మా ఇంటికి ఋతువులు ఆకాశం నుంచి కాక ఆయన అంగీ నుంచి వచ్చేవి. ఎండాకాలం సాయంత్రాలు ఆయన గుమ్మంలో అడుగు పెడుతూనే గడ్డిలో మగ్గిన మామిడిపండ్ల వాసన వచ్చేది. వానలు మొదలయ్యాక తడిసిన గోనెల వాసన. చలికాలం చివర ఎండుమిరప బస్తాల ఘాటు, దానికి మా చెల్లెలు మేరీ వరసగా ఐదారు తుమ్ములు తుమ్మి, బాపు వచ్చిన సంగతి ఇంటిల్లిపాదికీ తెలియజేసేది. దసరా దాటితే సీతాఫలాల గంపలు దిగేవి. దారిలో పగిలిన పండ్లను గంపల యజమానులు స్టేషన్‌లో వాళ్లకు పంచేవారు. బాపు వాటిని రుమాల్లో మూటకట్టి తెస్తే మేము వాకిట్లో గుండ్రంగా కూర్చుని తినేవాళ్లం. సీతాఫలాన్ని తొందరగా తినడం ఎవరివల్లా కాదు. ఒక్కొక్క కన్ను వేలితో విప్పి, గింజను నాలుక మీద తిప్పి తిప్పి, దాని చుట్టూ ఉన్న మెత్తటి తీపిని వలిచి, నున్నని నల్ల గింజను అరచేతిలోకి ఉమ్మితే, మళ్లీ ఇంకో కన్ను. "గీ పండును దేవుడు తొందరపోతులను బాగుచేసుటందుకే చేసిండు," అనేది మా అవ్వ.

అవ్వ అంటే బాపు తల్లి, మా నాయనమ్మ. నాకు జ్ఞానం వచ్చేసరికే ఆమె కళ్లకు పొరలు కమ్మి వెలుగుచీకట్లు తప్ప మరేమీ తెలిసేవి కావు. ఆదివారం గుడి ముగిశాక ఆబిడ్స్ మీదుగా నడిచి వచ్చేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకోవడం నా వంతు. ఆమె ముక్కుతోనే ఆబిడ్స్ అంతా చూసేది. "రొట్టెల భట్టి వచ్చింది, ఎడమదిక్కు తిరుగు," "గిది తోళ్ల చెప్పుల దుకాణం," "టాంగా గుర్రం ఉన్నదిరా, జర పక్కకు జరుగు." మొజంజాహి మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి ఆమె అడుగులు వాటంతటవే నెమ్మదించేవి. జామపండ్లు, కొత్తిమీర, నీళ్లు చల్లిన మల్లెపూలు, ఎక్కడో మగ్గిపోయిన అరటిపండ్లు, అన్నీ విడివిడిగా ఎంచి చెప్పేది. కళ్లున్న నేను అద్దాల బీరువాల్లోని బొమ్మలు చూస్తూ నడిచేవాణ్ని కాబట్టి ఆ వాసనల్లో సగం నాకు ఆమె చెప్పాకే తెలిసేవి.

అన్నం దగ్గర మా అవ్వకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. చాప మీద వరసగా కూర్చోవాలి. బాపు ప్రార్థన చేసి ఆమెన్ అన్నాక మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, అది పూర్తిగా నమిలి మింగేదాకా ఎవ్వరూ పలకకూడదు. పక్కవాడి పళ్లెంలో ఏం పడింది, ఎంత పడింది అని చూడకూడదు. పళ్లాన్ని ఆమె తల్లె అనేది. "నీ తల్లెల నువ్వు జూడు. అవుతలోని తల్లెల జూస్తె నీ ముద్ద రుచి తప్పుతది," అని రెండు పూటలా చెప్పేది. మేము నిజంగానే తలలు వంచుకుని, పచ్చిపులుసులో తేలే ఉల్లిపాయ ముక్కనూ, జొన్నరొట్టె మీద కాలిన మచ్చలనూ మహా శ్రద్ధగా చూస్తూ తినేవాళ్లం. మొదటి ముద్ద మింగాక అవ్వ ప్రశ్న వచ్చేది.

"దేవుడిచ్చిండు, నిజమే. ఏ చేత్తోని ఇచ్చిండు?"

రోజుకొకరి వంతు. ఆ పూట పళ్లెంలో ఉన్నదాన్ని మన దాకా తెచ్చిన మనుషుల్లో ఒకరి పేరు చెప్పాలి. పాలవాడు అంటే సరిపోదు. గొల్ల కొమురయ్య అనాలి. బియ్యం దంచినామె అంటే ఒప్పుకోదు. దోమల్‌గూడ నుంచి వచ్చే మల్లమ్మ అనాలి. పేరు తెలియకపోతే మర్నాడు వెళ్లి అడిగి రావాలి. ఆ కారణంగా నాకు పదేళ్లు నిండేసరికి నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా ఉన్న కూరగాయల గంపలవాళ్లు, ఉప్పు బండివాళ్లు, రొట్టెల భట్టిలో పిండి పిసికేవాళ్లు చాలామంది పేర్లతో సహా తెలుసు. "ఏందిరా దానీ, మల్ల ఇయ్యాల మీ అవ్వ పరీక్షనా?" అని వాళ్లు నవ్వేవాళ్లు. దానియేలు అన్న నా పేరును ఆ బజారంతా దానీ చేసేసింది. ఒకసారి గుడ్ల కూర రోజున మేరీ వంతు వచ్చింది. దానికి అప్పుడు ఐదేళ్లు. బాగా ఆలోచించి, "కోడి చెయ్యి," అంది.

"కోడికి చెయ్యి యాడిదే పిచ్చిదానా?" అన్నాడు బాపు.

"గట్లయితె కోడి కాలు," అంది మేరీ. ఆ పూట అవ్వ కూడా కట్టుబాటు మరిచి పొరబోయేదాకా నవ్వింది.

ఈ ప్రశ్న ఎందుకడుగుతావని నేను ఒకసారి అడిగితే అవ్వ చెప్పింది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు మెదక్ దిక్కు కరువు వచ్చిందట. తల్లితోపాటు గంజి పోసే చోట వరసలో నిలబడితే, ఆకలికి తల ఎత్తే ఓపిక కూడా లేక, తన లోటాలోకి గంజి పోసిన మనిషి చెయ్యి మాత్రమే కనిపించిందట. మణికట్టు మీద కాలిన మచ్చ, ఒక రాగి కడియం. "మొకం జూడలే. పేరు అడగలే. తాగినంక మల్లి చూస్తె ఆ చెయ్యి లేదు. బతికిన దినాలన్ని ఆ చెయ్యి ఎవలదో అనే అనుకుంటున్న బిడ్డా. మీకు గా బాధ వద్దని అడుగుతున్న."

అంత మంచి ప్రశ్నకు ఒక షరతు ఎలా చేరిందో కూడా నాకు గుర్తుంది. మొదట్లో నేనూ మేరీ రోజూ సులువైన జవాబే చెప్పేవాళ్లం: "శాంతత్త చెయ్యి." వండేది ఆమే, వడ్డించేది ఆమే, పేరు కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. నాలుగు రోజులు విన్నాక బాపు నవ్వి, "అవ్వా, వీండ్లు కామ్‌చోర్‌లు. ఇంట్లున్న పేరే తిప్పి తిప్పి చెప్తున్రు," అన్నాడు. అవ్వ కాసేపు ఆలోచించి, తీర్పు చెప్పినట్టు చెప్పింది: "ఔ, ఇంటి చెయ్యి చెల్లది. బయటి చెయ్యే చెప్పాలె. సొంత చేతికి ఎవలన్న దండం పెట్టుకుంటరా?" గరిటెతో నిలబడి ఉన్న శాంతత్త కూడా నవ్వింది. "మంచిదైంది తియ్, పొద్దుమాపు నా పేరు విని విని నాకే తిక్కలేస్తుంది," అంది.

శాంతత్త బాపు చెల్లెలు. పెళ్లయిన మూడో ఏట భర్త జ్వరంతో పోతే, చిన్న ట్రంకుపెట్టెతో మా ఇంటికి వచ్చింది. అమ్మ ఆబిడ్స్ వైపు ఆడపిల్లల బడిలో టీచరు. పొద్దున ఎనిమిదికి వెళ్లాలి కాబట్టి వంటిల్లు క్రమంగా అత్తదైపోయింది. గుండ్రటి ముఖం, బలమైన చేతులు. కుడిచేతికి పెళ్లినాటి వెండి కడియం. అది ఎంత బిగువంటే, సబ్బు నురగ పెట్టి లాగినా వచ్చేది కాదు. "నన్ను పాతిపెట్టేటప్పుడు కూడ గిది నాతోనే వస్తది," అని మా చేత లాగించుకుని నవ్వేది. ఆమె అన్నం వార్చే తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. అన్నం వండిన గంజు మూతి మీద చిల్లుల పళ్లెం బోర్లించి, రెండు గుడ్డపీలికలతో పట్టుకుని ఒక్కసారి వంచితే, తెల్లటి గంజి ఆవిరి పొగలు కక్కుతూ లోటాలోకి ధారగా దిగేది. ఆ ఆవిరి మధ్య ఆమె ముఖం కాసేపు మాయమయ్యేది. మేమంతా తిన్నాక, తన పని అంతా ముగిశాక తాను తినడం ఆమె అలవాటు. అమ్మ వెళ్తూ వెళ్తూ "శాంతా, తిన్నవా?" అని అడిగితే, "తింట తియ్ వదినె," అనేది. బాపు అడిగినా అదే. "తింట తియ్ అన్నా." తిన్న అని ఆమె అనగా నేను వినలేదు. ఎప్పుడూ తింట అనే. ఆ రెండు మాటల మధ్య ఎంత తేడా ఉందో, తెలుగు వ్యాకరణంలో కాలాలు వల్లెవేస్తున్న నాకు కూడా తట్టలేదు.

1944 జనవరిలో బాపు నాకు ఒక డైరీ ఇచ్చాడు. నీలం అట్ట, రోజుకొక పేజీ. "దినాం రాయాలె. ఒక్క దినం తప్పినా వాపస్ తీసుకుంట," అన్నాడు. ఆ భయం ఎంత బలంగా పట్టుకుందంటే, ఆ తర్వాత సర్వే శాఖలో ముప్పై నాలుగేళ్లు పటాలు గీసి, విశ్రాంతి తీసుకుని, భార్యను పోగొట్టుకుని, తొంభై నిండాక కూడా రాస్తూనే ఉన్నాను. ఆ మొదటి డైరీలో ప్రతి పేజీ కింద ఒక గీత కొట్టి, "చెయ్యి" అని రాసి, ఆ రోజు అన్నం దగ్గర చెప్పిన పేరు రాసేవాణ్ని. జనవరి 3, చెయ్యి: గొల్ల కొమురయ్య. జనవరి 4, చెయ్యి: కూరగాయల బాలమ్మ. పెద్ద పెద్ద అక్షరాలు, చివర చుక్క.

అది యుద్ధకాలం. బియ్యం దొరకడం కష్టమైంది. సుల్తాన్ బజార్‌లో సంచులు నిలబెట్టి అమ్మే సన్నబియ్యం మాయమై, సందు చివర కంట్రోల్ దుకాణం వచ్చింది. మనిషికింత అని కొలిచి ఇచ్చే ఆ బియ్యంలో మట్టిబెడ్డలు, తెల్లరాళ్లు, గోనె పీచు, వండితే ముక్కిన వాసన. మధ్యాహ్నాలు శాంతత్త, నేను, మేరీ చాట చుట్టూ కూర్చుని రాళ్లు ఏరేవాళ్లం. ఎంత ఏరినా ఒకటో రెండో పంటికింద పడేవి, అందుకని అందరం మరీ నెమ్మదిగా నమలడం నేర్చుకున్నాం. "చూస్తిరా, సర్కారు కూడ నా మాటనే చెప్తుంది," అనేది అవ్వ. వరసలో కూర్చుని ఎవరి పళ్లెంలోకి వాళ్లం చూసుకుంటూ, మొదటి ముద్దను ఇరవైసార్లు నమిలి, కంట్రోల్ దుకాణంలో కొలిచే మనిషి పేరు కూడా కనుక్కుని చెప్పాం. ఇప్పుడు ఆలోచిస్తే అంతకన్నా బుద్ధిగా తిన్న కుటుంబం నాంపల్లిలో ఉండి ఉండదు.

వింతేమిటంటే, అంత కరువులోనూ నాకు మారు అన్నం దొరికేది. నేను ఎదిగే పిల్లవాణ్ని. పళ్లెం ఖాళీ అయ్యేసరికి తలెత్తకముందే ఒక గరిటె అన్నం వచ్చి పడేది. గరిటె కనిపించేది, దాన్ని పట్టుకున్న చెయ్యి కనిపించేది, అంతకన్నా పైకి నేను చూసేవాణ్ని కాను.

మార్చిలో ఒక మధ్యాహ్నం బడి తొందరగా వదిలారు. చెప్పులు విప్పి వెనకనుంచి వంటింట్లోకి వెళ్తే, శాంతత్త గోడకు ఆనుకుని కూర్చుని, గంజు అడుగున అంటిన మాడును గరిటెతో గీకి, లోటాలోని గంజిలో వేసుకుని, ఉప్పు కల్లు నంజుకుంటూ తాగుతోంది. అన్నం గిన్నె ఖాళీ. కూర గిన్నె కడిగి బోర్లించి ఉంది. నన్ను చూసి ఆమె ఉలిక్కిపడలేదు. దొంగతనం చేస్తూ దొరికిన పిల్లలా నవ్వింది.

"అన్నమేది అత్తా?"

"అన్నం తింటె అరుగుతలేదురా. గంజి మంచిగుంటది."

"దినాం గిట్లనేనా?"

ఆమె వేలు పెదవుల మీద పెట్టుకుంది. "జర నోరు మూసుకో దానీ. మీ బాపుకు చెప్తె ఫికర్ చేస్తడు. మీ అమ్మ తన తల్లెలది నాకు పెడుతది. అవ్వకు చెప్తివనుకో, ఇగ ఇంట్ల ఎవలు తినరు. నాకేమైతదిరా, గడ్డపారలెక్క ఉన్న. నీకు రేపు మాడు ఉంచుత, బెల్లమేసి."

బెల్లం వేసిన మాడు అంటే నాకు ప్రాణం. నేను ఒప్పుకున్నాను. ఆ రోజు డైరీ పేజీ ఇప్పుడు నా ముందుంది. చెయ్యి అన్న చోట "శాంతత్త" అని రాశాను. తర్వాత ఆ పేరును అడ్డంగా కొట్టేసి, పక్కన చిన్న అక్షరాల్లో "ఇంటి చెయ్యి చెల్లది" అని రాసి, కింద ఇంకెవరిదో పేరు రాశాను. పదేళ్ల పిల్లవాడు నియమం పాటించాడని అనుకోవచ్చు. కానీ నేను నియమం కోసం కొట్టెయ్యలేదు. బాపు అప్పుడప్పుడు నా డైరీ తిరగేసేవాడు, ఆ పేరు చూస్తే ఎందుకు రాశావని అడుగుతాడు, అడిగితే చెప్పాలి, చెబితే మారు అన్నం ఆగిపోతుంది. ఈ సంగతి అప్పుడే నాకు తెలుసు. నియమం నాకు చక్కగా పనికొచ్చింది.

మర్నాడు బెల్లం మాడు తిన్నాను. ఆ మర్నాడూ మారు అన్నం తిన్నాను. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలు అవి. పెద్దవాళ్లు శుక్రవారాలు ఒక పూట ఉపవాసం ఉండేవాళ్లు. "నేను నలభై దినాలు ఒక్క పూటే," అని శాంతత్త ప్రకటించింది. గుడిలో పాస్టరు అయ్యగారు ఆమె భక్తిని మెచ్చుకున్నారు.

ఈస్టర్ ఆదివారం మధ్యాహ్నం. ఎక్కడో ఒక కోడిని సంపాదించాడు బాపు. ఇంటినిండా మసాలా వాసన. మేము అప్పటికే చాప మీద కూర్చున్నాం. అవ్వ చేతులు కడుక్కోవడానికి చప్టా దగ్గరికి వెళ్తే, శాంతత్త చెంబుతో నీళ్లు పోసి, ఆమెను నడిపించుకుని వస్తోంది. రోజూ నేను పట్టుకునే చెయ్యి ఆ పూట అత్త పట్టుకుంది. సగం దారిలో అవ్వ ఆగిపోయింది. వేళ్లతో ఆ మణికట్టును చుట్టి తడిమింది.

"ఎవలే పిల్లా నువ్వు? ఎవలింటి బిడ్డవు?"

"నేనే అవ్వా. శాంతను."

అవ్వ నమ్మలేదు. వేళ్లు కడియాన్ని వెతికి పట్టుకున్నాయి. సబ్బు నురగకు కూడా కదలని ఆ కడియం, ఆమె కొంచెం నెట్టగానే మణికట్టు దాటి, ముంజేతి మీదుగా జారి, మోచేతి దగ్గర ఆగింది. అవ్వ దాన్ని మళ్లీ కిందికి లాగింది. మళ్లీ పైకి నెట్టింది.

"నువ్వు తింటలేవే?"

"తింటున్న అవ్వా."

"నీ తల్లె యాడున్నది? మేరీ, మీ అత్త తల్లె పట్టుకరా."

మేరీ వంటింట్లోంచి శాంతత్త పళ్లెం తెచ్చింది. అవ్వ దాని మీద వేలు పెట్టి గుండ్రంగా తిప్పింది. వేలిని బొటనవేలితో రాసి చూసుకుంది. పళ్లెం నిండా పొడి దుమ్ము.

"నాకు కండ్లు లేవు," అంది అవ్వ. గొంతు పెద్దది చెయ్యలేదు. "గీ ఇంట్ల ఎనిమిది కండ్లున్నయి గదరా. ఒక్కలన్న చూడలేదా?"

బాపు, అమ్మ, నేను, మేరీ, నలుగురం తలలు వంచుకుని ఎవరి పళ్లెంలోకి వాళ్లం చూస్తూ కూర్చున్నాం. ఆమె నేర్పినట్టే. వాళ్లు ముగ్గురూ నిజంగా చూడలేదు. నేను చూశాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. శాంతత్త నా వైపు చూసింది. వేలు పెదవుల మీద పెట్టుకోలేదు, కళ్లతోనే వద్దంది. అది ఆమె దయ. నేను దాన్ని అనుమతిగా తీసుకుని నోరు మూసుకున్నాను.

అవ్వ కూతుర్ని తన పక్కన చాప మీద కూర్చోబెట్టి, తన పళ్లెంలోంచి ముద్ద కలిపి, తడుముకుంటూ ఆమె నోటికి అందించింది. "తప్పు నాదే. ఇంటి చెయ్యి చెల్లదన్న నోరు నాదే," అంది. ఆ ముద్దను శాంతత్త ఎంతసేపు నమిలిందో! నమలడం మరిచిపోయిన మనిషిలా నమిలింది. ఆ పూట అవ్వ ఎవరినీ ప్రశ్న అడగలేదు.

ఆ వారమే అత్తకు జ్వరం తగిలింది. మూడు వారాలు దవాఖానలో ఉండి, కోలుకుని వచ్చింది కానీ ఇంట్లో అందరి చూపులూ ఆమె పళ్లెం మీదే ఉండేసరికి ఆమెకు ఊపిరాడలేదు. ఒక గరిటె ఎక్కువ పెడితే సిగ్గుపడేది. తక్కువ పెడితే మేము సిగ్గుపడేవాళ్లం. మెదక్‌లో ఆడపిల్లల బోర్డింగులో వంటామె కావాలని అయ్యగారు చెప్పగానే, తానే పోతానంది. బాపు చాలా బతిమాలాడు. "అక్కడ గంట కొడితె అందరు కూసోని తింటరంట అన్నా, వంటామెతోని సహా," అంది నవ్వుతూ. ఆ నవ్వులో నిష్ఠూరం లేదు. అందుకే బాపు తట్టుకోలేక బయటికి వెళ్లిపోయాడు.

ట్రంకుపెట్టె స్టేషన్ దాకా నేనే మోశాను. రైలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుని, ఆమె నా తల నిమిరి, "తిన్నవారా?" అని అడిగింది. "తిన్న," అన్నాను. తిరిగి అడగాలని తోచలేదు.

ఆమె వెళ్లాక అవ్వ ప్రశ్న మళ్లీ మొదలు పెట్టాలని ఒకటి రెండుసార్లు ప్రయత్నించింది. "దేవుడిచ్చిండు, నిజమే..." అనేది. ఆ తర్వాతి మాట రాక, ముద్ద కలుపుకునేది. రెండేళ్లకు ఆమె పోయింది. నా డైరీల్లో చెయ్యి అన్న గీత ఆ ఏడాది ఏప్రిల్‌తోనే ఆగిపోయింది.

ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది నేను మెదక్ వెళ్లాను. ఈ సంగతంతా శాంతత్తకు చెప్పి, క్షమించమని అడగాలని వెళ్లాను. పొడుగాటి వంటసాల, ఇత్తడి గుండిగలు, పొగచూరిన దూలాలు. ఎనభైమంది పిల్లలకు వండే అత్త కొంచెం ఒళ్లు చేసింది, జుట్టు సగం నెరిసింది. కడియం కనిపించలేదు; ఏమైందని అడగలేదు. నన్ను పీట మీద కూర్చోబెట్టి, పప్పు, చింతచిగురు కూర, వేడన్నం పెట్టి, పక్కన నిలబడి విసనకర్రతో విసిరింది. నేను ఎలా మొదలుపెట్టాలో తెలియక, "నువ్వు తిన్నవా అత్తా?" అన్నాను.

"తింట తియ్. నువ్వు తిను," అంది.

గంట కొట్టేదాకా ఉంటే, ఆమె అందరితోపాటు కూర్చుంటుందో లేదో నా కళ్లతో చూసేవాణ్ని. బస్సు వేళైందని లేచాను. మరుసటి వానాకాలం ఆమె పోయినట్టు ఉత్తరం వచ్చింది. ఆ రోజు డైరీలో ఆ వార్త ఒక వాక్యం. మిగతా పేజీ అంతా మూసీ వంతెన దగ్గర నేను చేసిన కొలతల గురించి.

మా సందు ఇప్పుడు లేదు. పెంకుటిల్లు ఉన్న చోట నాలుగంతస్తుల లాడ్జి ఉంది. చప్టా ఉన్నచోట మోటారు సైకిళ్లు నిలుపుతారు. సీతాఫలాలు ఆబిడ్స్‌లో ఇప్పటికీ అమ్ముతారు, రైలు వాసన ఉండదు. గంజి వార్చే ఇల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు. కుక్కరు మూడు కూతలు కూస్తే అన్నం అయిపోతుంది, గంజి ఎటు పోతుందో తెలియదు. బియ్యం కుట్టిన సంచిలో వస్తుంది. పాలు వాకిట్లో సంచిలో వేలాడుతుంటాయి; తెచ్చిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అవ్వ ఇప్పుడొచ్చి ఏ చేత్తోని అని అడిగితే, ఈ ఊళ్లో నేను ఒక్క పేరూ చెప్పలేను.

ఒక్క పేరు చెప్పగలను. ఖైరతాబాద్‌లోని మా ఫ్లాటుకు పొద్దున పదకొండింటికి వచ్చి వంట చేసే సరోజ. ఆరేళ్లుగా ఆమె వండిందే తింటున్నాను. ఆ శనివారం డైరీ మూసి, బల్ల దగ్గర కూర్చున్నాక, ఆమె రొట్టె వడ్డిస్తుంటే తలెత్తి ముఖం చూశాను. ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ ఉంది. ఆరేళ్లలో మొదటిసారి చూశాను.

"తిన్నవా అమ్మా?"

"తింట తియ్ తాతా, ఇంటికి వొయ్యి," అంది చెయ్యి తుడుచుకుంటూ.

నేను లేచి, గోడ పట్టుకుని వెళ్లి, అల్మారాలోంచి ఇంకో పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టాను. రుమాలు విప్పి కిస్‌మిస్ కూడా అందులో పెట్టాను. సరోజ నా వైపు అనుమానంగా చూసి, "ఏమైంది తాతా, పాణం మంచిగున్నదా?" అని నుదురు తాకింది. కూర్చోమన్నాను. ఇంకా రెండిళ్లు ఉన్నాయంది, ఆలస్యమైతే వాళ్లు తిడతారంది, రేపు తింటానంది. కిస్‌మిస్ మాత్రం నోట్లో వేసుకుని, నవ్వి, చెప్పులు తొడుక్కుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ రోజు పేజీ కింద, ఎనభై ఏళ్ల తర్వాత, మళ్లీ ఒక గీత కొట్టాను. చెయ్యి: సరోజ. తిన్నదో లేదో తెలియదు.